ట్రైలరు దీపాలు వెలగనప్పుడు: 12 డాలర్ల టెస్ట్ ల్యాంపు గురించి

నేను రాస్తున్నది చాలా చిన్న వస్తువు గురించి. చూడడానికి స్క్రూడ్రైవరులా ఉంటుంది. పిడి గాజులా తేటగా ఉంటుంది, దాని లోపల వేరుశనగ గింజంత బల్బు. ముందు వైపు సూది మొన, వెనక నుంచి ఒక తీగ, తీగ కొసన పళ్ళున్న క్లిప్పు. క్లిప్పును బ్యాటరీ నెగెటివుకు తగిలించి, సూదిని పాజిటివుకు తాకిస్తే బల్బు వెలుగుతుంది. ఇంతకు మించి దీనికి ఏ విద్యా తెలియదు. కార్ల విడిభాగాల దుకాణంలో పన్నుతో కలిపి 12 డాలర్లు తీసుకున్నారు. ఇలాంటివి ఎన్నో కంపెనీలు చేస్తాయి, అన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి కాబట్టి పేరుతో పని లేదు. కొనేటప్పుడు చూసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి, అవి చివరిలో చెబుతాను.

12 డాలర్ల వస్తువుకు ఇంత రాత ఎందుకంటే, దీన్ని కొనడానికి ముందు నేను రెండు శనివారాలు, ఆరు బల్బులు, ఒక సర్వీసు కేంద్రంలో 185 డాలర్లు ఖర్చు పెట్టాను. దీపం మాత్రం వెలగలేదు. దీన్ని కొన్న రోజు, తప్పు ఎక్కడుందో పావుగంటలో తెలిసింది.

మేము డాలస్ ఉత్తర శివార్లలో ఉంటాం. రెండేళ్ళ కిందట 24 అడుగుల ట్రావెల్ ట్రైలరు కొన్నాం, 2015లో తయారైనది, మాకు ముందు ఇద్దరి చేతులు మారింది. ట్రావెల్ ట్రైలరు అంటే పికప్ ట్రక్కు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లు. లోపల పడకలు, వంటగట్టు, స్నానాల గది ఉంటాయి. ఇంజను ఉండదు. వెనక దీపాలు, బ్రేకు దీపాలు, మలుపు సిగ్నళ్ళు, పైకప్పు అంచున వెలిగే చిన్న చిన్న హద్దు దీపాలు, వీటన్నింటికీ కరెంటు ట్రక్కు నుంచే రావాలి. ట్రక్కు బంపరు దగ్గర ఏడు రేకుల సాకెట్టు ఉంటుంది, ట్రైలరు ముక్కు నుంచి వచ్చే లావుపాటి కేబులు అందులో దిగుతుంది. ఆ ఒక్క ముడిలోనే వెనక వచ్చేవాళ్ళ ప్రాణాలు, మన ప్రాణాలు ఉన్నాయని నేను ఇప్పుడు నిజంగా నమ్ముతున్నాను.

మొన్న నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకు కాడో లేక్ స్టేట్ పార్కుకు బయలుదేరాం. లూసియానా సరిహద్దుకు దగ్గరలో ఉంటుంది. నీళ్ళలో నిలబడిన సైప్రస్ చెట్లు, వాటి కొమ్మల నుంచి నెరిసిన జడల్లా వేలాడే స్పానిష్ మాస్. ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ వెళ్ళకుండా ఉండలేరు. ట్రక్కు నడుపుతున్నది నేను. మా మరిది వాళ్ళ కుటుంబం వెనక కారులో వస్తోంది. ఇరవయ్యో నంబరు ఇంటర్‌స్టేట్ మీద టైలర్ అనే ఊరు దాటిన తరువాత వాన పట్టుకుంది. మా మరిది ఫోను చేశాడు.

“వదినా, మీరు కుడి సిగ్నలు వేసినప్పుడల్లా పైన ఉన్న చిన్న దీపాలన్నీ మిణుకుమంటున్నాయి. కింద కుడి పక్క సిగ్నలు మాత్రం వెలగడం లేదు. ఎడమ పక్క బాగానే ఉంది.”

పక్కకు ఆపాను. హెడ్‌లైట్లు వేసి వెనక్కి వెళ్ళి చూస్తే ఎడమ వెనక దీపం ఎర్రగా వెలుగుతోంది, కుడిది చీకటి. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక మాట. అమెరికా ట్రైలర్లలో చాలావాటికి మలుపు సిగ్నలు వేరుగా పసుపు రంగులో ఉండదు. బ్రేకు దీపం, మలుపు సిగ్నలు ఒకే ఎర్ర బల్బులో ఒకే ఫిలమెంటు. అది పోతే ఆ పక్క బ్రేకూ కనబడదు, మలుపూ కనబడదు. మిగిలిన దారంతా మా మరిది హజార్డు దీపాలు వేసుకుని నా వెనకే, నాకు కాపలాగా వచ్చాడు. పార్కుకు చేరేదాకా నేను కుడి వైపు లేనులోకి మారలేదు.

తిరిగి వచ్చాక సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళాను. పేరు అనవసరం. వాళ్ళు ఏడు రేకుల ప్లగ్గుకు తమ పరికరం తగిలించి, దీపం సాకెట్టులో మీటరు పెట్టి, వోల్టేజీ సరిగ్గా వస్తోంది, బల్బు పోయి ఉంటుంది అన్నారు. కొత్త బల్బు వేశారు. వాళ్ళ ఆవరణలో వెలిగింది కూడా. ఇంటికి వచ్చేసరికి మళ్ళీ చీకటి. రెండోసారి వెళితే, మొత్తం వైరింగు మార్చాలి, మూడు వారాలు ట్రైలరు ఇక్కడ వదిలిపెట్టాలి అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. ఒక్క దీపం వెలగకపోతే మొత్తం తీగలన్నీ ఎందుకు మార్చాలి?

నేనే కూర్చున్నాను. ఇంట్లో మంచి డిజిటల్ మల్టీమీటరు ఉంది. ఎర్ర అద్దానికి ఉన్న రెండు స్క్రూలు విప్పి, బల్బు తీసి, మా అమ్మాయిని ట్రక్కులో కూర్చోబెట్టి కుడి సిగ్నలు వేయమన్నాను. సాకెట్టు అడుగున ఉన్న చుక్కకు ఎర్ర మొన, సాకెట్టు గోడకు నల్ల మొన. 12.4 వోల్టులు. సున్నా. 12.4. సున్నా. మెరిసిపోయేంత చక్కని లెక్క. బల్బు పెడితే చీకటి. బల్బు తీస్తే మళ్ళీ 12.4. ఇంకో బల్బు. చీకటి. ఆ శనివారం, దాని తరువాతి శనివారం ఇలాగే గడిచాయి. మీటరు అబద్ధం చెప్పదని అనుకుంటూ బల్బులనే తిట్టుకున్నాను.

మా నాన్నకు తెనాలిలో మోటారు రీవైండింగు షాపు ఉండేది. ముప్పై ఏళ్ళకు పైగా పొలాల మోటార్లు, మిల్లుల మోటార్లు చుట్టారు. ఇప్పుడు షాపు లేదు, ఆ చెవి మాత్రం ఉంది. ఫోనులో మోటారు శబ్దం వినిపిస్తే బేరింగు పోయిందో లేదో చెప్పగలరు. ఇక్కడ రాత్రి ఎనిమిది, అక్కడ ఉదయం ఏడున్నర. వీడియో కాల్‌లో దీపం చూపించి, మీటరు చూపించి, నా బాధంతా చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు.

“లోడు పెట్టి చూశావా అమ్మా?”

“మీటరులో పన్నెండు వోల్టులు వస్తున్నాయి కదా నాన్నా?”

“మీటరు కరెంటు తాగదమ్మా. బల్బు తాగుతుంది. తాగేదాన్ని పెట్టి చూడు.”

అప్పుడు గుర్తుకు వచ్చింది. మా షాపులో గోడకు వేలాడుతూ ఒక హోల్డరు, అందులో బల్బు, దాని నుంచి రెండు తీగలు, కొసలు ఒలిచి మెలిపెట్టి ఉండేవి. త్రీ ఫేజు చూడడానికి రెండు బల్బులు సిరీసులో కట్టింది ఇంకొకటి. ఖరీదైన మీటర్లు అద్దాల బీరువాలో ఉండేవి కానీ నాన్న చేయి ముందు ఆ బల్బు మీదికే వెళ్ళేది. చిన్నప్పుడు అది పేదరికం వల్ల వాడుతున్నారని అనుకునేదాన్ని. కాదు. బల్బు అడిగే ప్రశ్న వేరు. ఇక్కడ వోల్టేజీ ఎంత అని మీటరు అడుగుతుంది. నాకు పని చేసేంత కరెంటు ఇస్తావా అని బల్బు అడుగుతుంది.

మరునాడే దుకాణానికి వెళ్ళి ఈ టెస్ట్ ల్యాంపు తెచ్చాను. ముందు దీన్నే పరీక్షించాను, తెలిసిన మంచి బ్యాటరీ మీద వెలుగుతోందా లేదా అని. ఈ అలవాటు మానకండి. దీని బల్బే మాడిపోయి ఉంటే లోకంలో తీగలన్నీ తెగిపోయినట్టు కనిపిస్తాయి.

తరువాత క్లిప్పును దీపం సాకెట్టు గోడకు పట్టించి, సూదిని అడుగు చుక్కకు తాకించాను. మా అమ్మాయి సిగ్నలు వేసింది. వెలగలేదు. మీటరు 12.4 చూపించిన చోటే, అవే రెండు బిందువులు. ఇప్పుడు సూదిని అక్కడే ఉంచి, క్లిప్పును తీసి, బంపరు దగ్గర ట్రైలరు చట్రం మీద రంగు గీకి, మెరిసే ఇనుముకు పట్టించాను. ల్యాంపు భగ్గున వెలిగింది, ఆరింది, వెలిగింది.

అంటే ట్రక్కు నుంచి కరెంటు దీపం దాకా నిక్షేపంగా వస్తోంది. వెనక్కి వెళ్ళడానికే దారి లేదు. తప్పు గ్రౌండులో, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారిలో ఉంది.

దీపం వెనక నుంచి దిగిన తెల్ల తీగను, అదే గ్రౌండు తీగ, చేత్తో పట్టుకుని ట్రైలరు కిందికి పాకాను. కుడి చక్రానికి వెనకగా, చట్రానికి ఒక స్క్రూ బిగించి ఉంది. దాని కింద తీగ కొసన ఉన్న రింగు. స్క్రూ, రింగు, ఇనుము మూడూ కలిసి ఒకే తుప్పు ముద్దగా మారాయి. చక్రం చిమ్మే నీళ్ళన్నీ సరిగ్గా అక్కడే పడతాయి. వేలితో కదిపితే పొట్టు రాలింది. కదిపినప్పుడు ఒక క్షణం దీపం వెలిగింది కూడా. సర్వీసు కేంద్రంలో బల్బు ఎందుకు వెలిగిందో నాకు అప్పుడు అర్థమైంది. దీపం అద్దం విప్పి బిగించే పనిలో తీగ కదిలి ఉంటుంది, తుప్పు కాస్త అంటుకుని ఉంటుంది.

ఇప్పుడు మా మరిది చూసిన వింత సంగతి. కుడి సిగ్నలు వేస్తే పైన దీపాలు ఎందుకు మిణుకుమన్నాయి? ఆ బల్బు 1157 రకం. ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు. పెద్దది బ్రేకుకు, సిగ్నలుకు, సుమారు 2.1 ఆంపియర్లు తీసుకుంటుంది. చిన్నది రాత్రి వెలిగే వెనక దీపానికి, సుమారు 0.6 ఆంపియరు. రెండింటికీ నెగెటివు ఒక్కటే, బల్బు చుట్టూ ఉన్న ఇత్తడి గోడ. ఆ గోడకు గ్రౌండు తెగిపోతే పెద్ద ఫిలమెంటులోకి వచ్చిన కరెంటు దారి వెతుక్కుంటుంది. చిన్న ఫిలమెంటులో నుంచి తలకిందులుగా ఎక్కి, వెనక దీపాల తీగలోకి పోయి, ఆ తీగ మీదనే ఉన్న హద్దు దీపాలన్నింటి ద్వారా వాటి మంచి గ్రౌండులోకి దిగుతుంది. అందుకే పగలు సిగ్నలు వేస్తే పైన గుడ్డిగా మిణుకు. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ఆ తీగలోనూ 12 వోల్టులే ఉంటాయి కాబట్టి ఆ దారీ మూసుకుపోతుంది, కుడి దీపం పూర్తిగా చీకటి. మీ ట్రైలరులో ఒక దీపం వేస్తే సంబంధం లేని ఇంకో దీపం వెలుగుతుంటే బల్బులు కొనకండి. తెల్ల తీగ దగ్గరికి వెళ్ళండి.

మరమ్మతు చిన్నదే. పాత స్క్రూ వదిలేసి, పక్కనే కొత్త రంధ్రం వేసి, చుట్టూ రంగు, తుప్పు గీకి, కొత్త రాగి రింగు వేసి, పళ్ళున్న వాషరుతో, బోల్టు నట్టుతో బిగించాను. పైన రంగు పూశాను. అక్కడితో ఆగలేదు. ఎడమ దీపం తెల్ల తీగకూ కుడి దీపం తెల్ల తీగకూ మధ్య ఒక కొత్త తీగ కలిపాను. ఇప్పుడు ఒకదాని గ్రౌండు పోయినా రెండోది ఆదుకుంటుంది. ట్రక్కు కొక్కేనికీ ట్రైలరుకూ ఇనుము తాకుతోంది కదా, అదే గ్రౌండు అని కొందరు అంటారు. కొక్కెం మీద ట్రైలరు కూర్చునే ఇనుప బంతికి గ్రీజు పూసి ఉంటుంది, నడుస్తుంటే కదులుతుంది. కేబులులోని తెల్ల తీగే అసలైన దారి.

మరి మీటరు అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నే సరిపోలేదు. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం 10 మెగాఓములు ఉంటుంది. దారిలో తుప్పు వల్ల వెయ్యి ఓములు అడ్డుపడినా, కోటి ఓముల ముందు ఆ వెయ్యి ఎంత? మీటరు నిండు వోల్టేజీ చూపిస్తుంది. నా టెస్ట్ ల్యాంపు పావు ఆంపియరు దరిదాపుల్లో తాగుతుంది, అంటే వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 50 ఓముల లెక్క. వెయ్యి ఓముల తుప్పు గుండా దానికి అందేది 12 మిల్లీఆంపియర్లే. ఆ కాస్తకు ఫిలమెంటు వేడెక్కను కూడా ఎక్కదు. మీటరుకు కనబడని తుప్పు ల్యాంపుకు గోడలా కనిపించేది ఇందుకే.

మీటరును పక్కన పడేయమని నేను అనడం లేదు. ల్యాంపు చోటు చూపించాక కొలవడానికి మీటరే కావాలి, కాకపోతే బల్బు పెట్టి, కరెంటు పారుతుండగా కొలవాలి. మరమ్మతుకు ముందు బల్బు పెట్టి సిగ్నలు వేసి, సాకెట్టు గోడకూ చట్రానికీ మధ్య కొలిచాను. దాదాపు సున్నా ఉండవలసిన చోట పది వోల్టులకు పైగా ఉంది. మరమ్మతు తరువాత మీటరు కదలనే లేదు. తీగ వల్ల పోయే వోల్టేజీ ఎంత ఉండవచ్చో కూడా లెక్క వేసుకోవచ్చు. 16 గేజి రాగి తీగకు వెయ్యి అడుగులకు సుమారు 4 ఓములు. మా ట్రైలరులో ముందు నుంచి వెనకకు 30 అడుగుల తీగ అనుకుంటే 0.12 ఓము, 2.1 ఆంపియర్లకు పావు వోల్టు. అంతకంటే ఎక్కువ పోతుంటే తీగది కాదు తప్పు, ఏదో అతుకుది.

ఈ ధైర్యంతో ఏడు రేకుల ప్లగ్గు కూడా నేనే మార్చాను. లోపల పచ్చగా చిలుము పట్టింది. ఇక్కడ చాలామంది పడే గోతిలో నేనూ పడబోయాను, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కొత్త ప్లగ్గు పెట్టె మీద రంగుల పట్టిక ఉంది. గోధుమ రంగు వెనక దీపాలకు, పసుపు ఎడమ సిగ్నలుకు, ఆకుపచ్చ కుడి సిగ్నలుకు అని. అది సామాను మోసే మామూలు ట్రైలర్ల పద్ధతి. నివాసపు ట్రైలర్ల కేబుళ్ళలో వాడుకలో ఉన్న పద్ధతి వేరు. అందులో ఆకుపచ్చ వెనక దీపాలకు, ఎరుపు ఎడమ సిగ్నలుకు, గోధుమ రంగు కుడి సిగ్నలుకు, పసుపు వెనక్కి నడిపేటప్పటి దీపానికి. తెలుపు గ్రౌండు, నీలం ట్రైలరు బ్రేకులు, నలుపు బ్యాటరీ ఛార్జింగు, ఈ మూడూ రెండు పద్ధతుల్లోనూ సాధారణంగా ఒక్కటే. పట్టికను నమ్మి రంగుకు రంగు కలిపి ఉంటే, హెడ్‌లైట్లు వేసినప్పుడు కుడి బ్రేకు దీపం ఆరకుండా వెలుగుతూ, కుడి సిగ్నలు వేస్తే ట్రైలరు మొత్తం పెళ్ళి పందిరిలా మెరుస్తూ ఉండేది. పైగా మా ట్రైలరుకు ఇద్దరు పాత యజమానులు, మధ్యలో ఎవరు ఏ రంగు తీగ అతికారో ఎవరికి తెలుసు?

అందుకని రంగును నమ్మలేదు. ఒక విడి 12 వోల్టుల బ్యాటరీ తెచ్చి, నెగెటివును కేబులులోని తెల్ల తీగకు కలిపాను. పాజిటివుకు 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న తీగ కట్టి, దీపాల తీగలకు ఒక్కొక్కదానికి తాకిస్తూ ట్రైలరు చుట్టూ తిరిగి ఏ దీపం వెలిగిందో కాగితం మీద రాసుకున్నాను. నీలం తీగను ముట్టుకోలేదు, అది చక్రాల బ్రేకులను బిగిస్తుంది. ఆ కాగితమే ఇప్పుడు మా ట్రైలరు అసలు పట్టిక. మడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ముందు సామాను అర తలుపుకు లోపలి వైపు అంటించాను. ట్రక్కు లేకుండానే దీపాలన్నీ పరీక్షించడానికి కూడా ఇదే మార్గం. బ్యాటరీతో అన్నీ వెలిగితే తప్పు ట్రక్కు వైపు ఉంది, వెలగకపోతే ట్రైలరు వైపు. వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది.

నల్ల తీగ గురించి జాగ్రత్త. ట్రక్కు విప్పేసినా ఆ తీగలో కరెంటు ఉంటుంది, ఎందుకంటే అది ట్రైలరు సొంత బ్యాటరీకి కలిసి ఉంటుంది. ప్లగ్గు విప్పే ముందు ట్రైలరు బ్యాటరీ నెగెటివు తీసేయండి. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. ట్రైలరు లోపల 120 వోల్టుల ఇంటి కరెంటు కూడా ఉంటుంది, దానిలో నల్ల తీగే ప్రాణం తీసేది, తెల్లది న్యూట్రలు. ఒకే గోడలో ఈ నల్ల తీగా ఆ నల్ల తీగా పక్కపక్కన పోవచ్చు. ఈ ల్యాంపు 12 వోల్టులకు చేసింది. 120 వోల్టుల దగ్గరికి దీన్ని తీసుకుపోకండి. పని మొదలుపెట్టే ముందు బయటి కరెంటు కేబులు పీకి నేల మీద మీ కళ్ళ ముందు పెట్టుకోండి. మా అమ్మాయికి నేర్పిన మొదటి పాఠం ఇదే.

తలుపు పక్కన ఉండే వసారా దీపం సంగతి వేరు, అది ట్రైలరు బ్యాటరీ నుంచి, లోపలి ఫ్యూజు పెట్టె, తలుపు పక్క స్విచ్చి ద్వారా వెలుగుతుంది. దాని కోసం ట్రక్కు సాకెట్టులో వెతకడం వృథా. మాదీ వెలగలేదు. ఫ్యూజు రెండు పక్కలా ల్యాంపు వెలిగింది, స్విచ్చి రెండు పక్కలా వెలిగింది, దీపం దగ్గర మసకగా వెలిగింది. ఈ మసక వెలుగే నాకు బాగా నచ్చిన సమాధానం. దారి ఉంది కానీ ఇరుకుగా ఉంది అని చెబుతుంది. విప్పితే, దీపం పై అంచున మూసే జిగురు ఎండి పగిలి, నీళ్ళు దిగి, అతుకు పచ్చబడి ఉంది. అతుకు కోసి, లోపల జిగురు ఉండి వేడికి ముడుచుకునే రకం కనెక్టరు వేశాను, దీపం చుట్టూ కొత్తగా బ్యూటైల్ టేపు, అంటే నీళ్ళు దిగకుండా ఆపే జిగురు పట్టీ, పరిచి బిగించాను. కింది అంచు మాత్రం మూయలేదు, ఎలాగో లోపలికి చేరిన నీళ్ళకు బయటికి దారి ఉండాలి.

ఇక లోపాలు. ఉన్నాయి, దాచను. దీని తీగ పొట్టిది. ట్రైలరు వెనక దీపం దగ్గర నిలబడి ముందున్న బ్యాటరీ నెగెటివుకు క్లిప్పు పట్టించాలంటే కుదరదు. నేను 30 అడుగుల తీగకు రెండు కొసలా క్లిప్పులు కట్టి వేరే ఉంచుకున్నాను. అది లేకుండా ఈ వస్తువు ట్రైలరు పనికి సగమే ఉపయోగం. టెక్సస్ మధ్యాహ్నపు ఎండలో ఇది వెలుగుతోందో లేదో తెలియదు, అరచేత్తో గొడుగు పట్టి చూడాలి. నేను సాయంత్రాలు పని చేశాను. సూదితో తీగ మీది తొడుగును గుచ్చి చూడవచ్చని పెట్టె మీద గొప్పగా రాశారు. నేను ఒప్పుకోను. ఆ చిన్న రంధ్రంలో నుంచి నీళ్ళు దిగి, ఒకటి రెండేళ్ళలో రాగి పచ్చని పొడి అవుతుంది. ఎక్కడ అతుకు ఉందో, ఎక్కడ సాకెట్టు ఉందో అక్కడే చూడండి. తప్పనిసరై గుచ్చితే ఆ రంధ్రాన్ని వెంటనే మూసేయండి. అన్నింటికంటే ముఖ్యంగా, దీన్ని ట్రక్కు లోపలి కంప్యూటర్ తీగల మీద, ఎయిర్‌బ్యాగు తీగల మీద వాడకూడదు. ఇది కరెంటు తాగుతుంది కాబట్టే ట్రైలరుకు మంచిది, ఆ కారణంగానే సున్నితమైన చోట్ల కీడు. ట్రక్కు సాకెట్టు దాటి ముందుకు పోతే మీటరు తీసుకోండి.

కొనేవాళ్ళకు. దుకాణంలో దీని పక్కనే ఎల్‌ఈడీ రకం కూడా ఉంటుంది, అంకెలు చూపించేది, బీప్ చేసేది, 30, 40 డాలర్లది. అందంగా ఉంటుంది. కానీ ఎల్‌ఈడీ తాగే కరెంటు చాలా కొంచెం, తుప్పు గుండా కూడా అది హాయిగా వెలుగుతుంది, అంటే నన్ను రెండు శనివారాలు తిప్పిన మీటరు పనే అదీ చేస్తుంది. ఫిలమెంటు బల్బు ఉన్నదే అడగండి. పిడి విప్పి బల్బు మార్చుకునేలా ఉండాలి. క్లిప్పు పళ్ళు తుప్పును కొరికేంత గట్టిగా ఉండాలి, వేలి మీద పెట్టి చూడండి, నొప్పి పుట్టాలి. 6 వోల్టులు, 12 వోల్టులు అని రాసి ఉండాలి. సూదికి టోపీ ఉన్నది దొరికితే తీసుకోండి, పనిముట్ల సంచిలో చేయి పెట్టినప్పుడు విలువ తెలుస్తుంది.

అయిదు నక్షత్రాలకు నేను నాలుగున్నర ఇస్తాను. పొట్టి తీగకు అర తగ్గించాను.

ఫిబ్రవరిలో మళ్ళీ కాడో లేక్‌కు వెళ్ళాం. దారిలో వాన కురిసింది. లేను మారే ముందు సిగ్నలు వేసి మా మరిది ఫోను కోసం చూశాను. “వెలుగుతోంది వదినా, రెండు పక్కలా” అన్నాడు. తుప్పు పట్టిన ఆ పాత స్క్రూను నాన్న పారేయవద్దన్నారు. వేసవిలో మేము తెనాలి వెళ్ళినప్పుడు తెచ్చి చూపించమన్నారు. ట్రక్కు డ్యాష్‌బోర్డు అరలో, టెస్ట్ ల్యాంపు పక్కనే కాగితంలో చుట్టి పెట్టాను.